దూరం ఎక్కువ, ప్రయాణం తక్కువ

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికి దారి మార్చింది. అంతకుముందు పడమటి దిక్కుగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. అది సుమారు 13,900 కిలోమీటర్ల దారి. కొత్తది తూర్పుగా, పసిఫిక్ మీదుగా, దాదాపు 15,300. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగిపోయింది. పాత దారికన్నా ఇంచుమించు రెండు గంటలు ఆదా.

దీనికి భూభ్రమణమే కారణమని చెప్పేవాళ్లు చాలామంది. అది నేరుగా కారణమే అయితే పడమటి ప్రయాణమే త్వరగా ముగియాలి, ఎందుకంటే చేరాల్సిన ఊరే మనకు ఎదురొస్తుంది కదా! అలా జరగదు. భూమితోపాటే గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. శంషాబాద్ మీద హెలికాప్టర్ గంటసేపు కదలకుండా నిలబడినా కింద ఉండేది శంషాబాదే.

అసలు సంగతి జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే 9 నుంచి 12 కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల పట్టీ ఇది. వేడి ప్రాంతాల గాలి ధ్రువాల వైపు సాగుతూ, భూమి తిరగడం వల్ల తూర్పుకు మళ్లుతుంది. అంటే భూభ్రమణానికి ఇందులో చేయి ఉంది, కాకపోతే దొడ్డిదారిన. చలికాలంలో ఈ గాలుల వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

మరి రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని వెతికితే వచ్చే అంకె ఏమిటి? గ్లోబు మీద దారం బిగించి లాగితే వచ్చే కొలత అది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,400 కిలోమీటర్లు. పైన చెప్పిన రెండు దారుల్లో ఏదీ అది కాదు! ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది, ఎందుకంటే ఈ రెండు నగరాలు భూగోళానికి దాదాపు చెరో వైపున ఉన్నాయి. గోడకు వేలాడే మ్యాపు చూస్తే ఈ విషయం ఎప్పటికీ తట్టదు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు విమానాన్ని ధ్రువం మీదుగానే తెచ్చారు.

పోయేటప్పుడు గాలి ఆపితే వచ్చేటప్పుడు తోస్తుంది, లెక్క సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో 6,000 కిలోమీటర్లు వెళ్లి రావాలనుకోండి. గాలి లేకపోతే రానూపోనూ 13 గంటల 20 నిమిషాలు. 150 కిలోమీటర్ల గాలి ఉంటే అనుకూలంగా 5 గంటల 43 నిమిషాలు, ఎదురుగా 8 గంటలు, మొత్తం 13 గంటల 43 నిమిషాలు. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం ఆ వైపే పెరుగుతుంది. మారకుండా వీచే ఏ గాలైనా సరే, ఒకే దారిలో వెళ్లి వచ్చే ప్రయాణాన్ని మొత్తంగా పొడిగిస్తుందే తప్ప తగ్గించదు. ఎయిర్ ఇండియా ఆ లెక్కను తప్పించుకుంది: పోయేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే, భూమిని పూర్తిగా చుట్టేసి.