డిస్ట్రిక్ట్ అటార్నీ జీతానికి కౌంటీ కలపాలా? టెక్సాస్ చట్టంలో ఒక్క వాక్యం, దాని వెనక 150 ఏళ్లు

టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి చలికాలం మొదలవుతుండగా ఆస్తి పన్ను బిల్లు వస్తుంది. జనవరి 31లోగా కట్టాలి. అందులో పెద్ద అంకె స్కూల్ డిస్ట్రిక్టుది. ఆ కింద నగరం, కాలేజీ, ఇంకో వరుసలో మన జిల్లాలాంటి కాలిన్ కౌంటీ. స్కూళ్ల గురించి ఎక్కడ నలుగురు కలిసినా మాట్లాడుకుంటాం కానీ కౌంటీ వరుస దగ్గర ఎవరమూ ఆగం. జైలు నడిచేదీ, షెరీఫ్ కార్లు తిరిగేదీ, నేరం జరిగినప్పుడు కోర్టులో ప్రభుత్వం తరఫున లేచి నిలబడే లాయర్లలో ఎక్కువమందికి జీతం అందేదీ ఆ వరుస నుంచే.

ఆ లాయర్లందరికీ పెద్ద డిస్ట్రిక్ట్ అటార్నీ, అందరూ పిలిచే మాటలో డీఏ. చిత్రమేమిటంటే ఆఫీసు ఖర్చు చాలామటుకు కౌంటీది, డీఏ సొంత జీతం మాత్రం రాష్ట్రానిది. ఆ రాష్ట్ర జీతం మీద కౌంటీ కూడా కొంత కలిపి ఇవ్వాలా, లేక ఇవ్వడం దాని ఇష్టమా అన్నది ఏటా బడ్జెట్ రోజుల్లో ఏదో ఒక కౌంటీలో లేచే ప్రశ్నే. దానికి జవాబు ఉండాల్సిన చోటు టెక్సాస్ గవర్నమెంట్ కోడ్ 46వ అధ్యాయం. అక్కడున్న వాక్యం సారం ఇది: కమిషనర్స్ కోర్టు (అంటే కౌంటీ పాలకమండలి) ప్రాసిక్యూటర్ రాష్ట్ర జీతానికి కొంత కలిపి ఇవ్వవచ్చు, అయితే తాను అందరికంటే ఎక్కువ ఇచ్చే జిల్లా జడ్జికి ఎంత ఇస్తోందో అంతకు తక్కువ ఇవ్వకూడదు.

మొదటి సగం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. రెండో సగం ‘తక్కువ ఇవ్వకూడదు’ అంటుంది. గొడవంతా ఈ రెండు సగాల మధ్యే.

మన దగ్గరి పద్ధతికి అలవాటుపడినవాళ్లకి ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా జిల్లా కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, డబ్బు ఇచ్చేది రాష్ట్ర ఖజానా. పీపీకి ఎంత ఇద్దామని జిల్లా పరిషత్‌లో చర్చ జరగదు. అమెరికాలో దారి వేరు. 1832లో మిసిసిపీ తన రాజ్యాంగంలోనే ప్రాసిక్యూటర్‌కి ఎన్నిక పెట్టింది, ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటి ఆఫీసులు సుమారు 2,300. కేసు వేసేది రాష్ట్రం పేరున, ఓటు వేసేది స్థానిక జనం. ఇద్దరికీ చెందిన మనిషికి జీతం ఎవరివ్వాలన్న తగవు ఆ రోజే పుట్టింది.

అప్పట్లో జీతం కంటే ఫీజులు ముఖ్యం. ఇన్ని కేసులు గెలిస్తే ఇంత, ఇందరికి శిక్ష పడితే ఇంత. టెక్సాస్ 1876లో రాసుకున్న రాజ్యాంగమే నేటికీ అమల్లో ఉంది. దాని ఐదో అధికరణం 21వ సెక్షన్ మొదట్లో డీఏకి రాష్ట్రం నుంచి ఏడాదికి 500 డాలర్ల జీతం, దానిపైన చట్టం చెప్పిన ఫీజులు, కమిషన్లు అని రాసింది. 500 డాలర్లతో ఇల్లు గడవదని రాసినవాళ్లకీ తెలుసు. బతుకుతెరువు ఫీజుల్లో ఉంది. ఒక మనిషిని జైలుకి పంపితే జేబులో డబ్బు పడే పద్ధతిలో, ఆ మనిషి నిజంగా నేరం చేశాడా అని ప్రాసిక్యూటర్ రెండోసారి ఆలోచించాలంటే ఎంత గుండె ఉండాలి! నేటి టెక్సాస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రాసిక్యూటర్ మొదటి బాధ్యత శిక్ష వేయించడం కాదనీ, న్యాయం జరిగేలా చూడటమనీ చెబుతుంది. ఆ మాటకి అర్థం రావాలంటే ముందు ఫీజు పోవాలి.

కేంద్రం తన ప్రాసిక్యూటర్లను 1896లో ఫీజుల నుంచి జీతాలకు మార్చింది. టెక్సాస్‌కి మరో 39 ఏళ్లు పట్టింది. 1935 ఆగస్టులో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించారు: జిల్లా స్థాయి అధికారులందరికీ, 20,000 జనాభా దాటిన కౌంటీల్లోని కౌంటీ అధికారులకీ ఇకమీదట జీతమే.

ఫీజు పోయింది కానీ జీతం చాలలేదు. చిన్న ఊళ్లలో డీఏలు పొద్దున ప్రభుత్వం తరఫున వాదించి, మధ్యాహ్నం సొంత క్లయింట్ల పని చూసుకునేవారు. ఎవరి భూమి తగాదా చేతిలో ఉందో వాళ్ల అబ్బాయి మీదే రేపు క్రిమినల్ కేసు రావచ్చు. దీన్ని ఆపడానికి 1970ల చివర ప్రొఫెషనల్ ప్రాసిక్యూటర్ల చట్టం వచ్చింది. నేటి 46వ అధ్యాయం అదే. సొంత ప్రాక్టీసు మానుకో, పూర్తికాలం ఈ పనే చెయ్యి, జిల్లా జడ్జితో సమానంగా రాష్ట్రం జీతమిస్తుంది అన్నది దాని ఒప్పందం. నా లెక్కలో ఇది మంచి ఒప్పందం. ఎదురెదురుగా నిలబడే జడ్జికీ ప్రాసిక్యూటర్‌కీ ఒకే తూకం అన్న ఆలోచనలో మర్యాద ఉంది, భద్రత కూడా ఉంది.

అయితే టెక్సాస్‌లో జడ్జికి రాష్ట్రం ఇచ్చేదే మొత్తం కాదు. కమిషనర్స్ కోర్టు జిల్లా జడ్జికి అదనంగా కొంత ఇవ్వవచ్చని చట్టం చాలాకాలంగా ఒప్పుకుంటోంది. పేరు చూసి మోసపోకూడదు, కమిషనర్స్ కోర్టు కేసులు విచారించే కోర్టు కాదు. ఎన్నికైన నలుగురు కమిషనర్లు, వారితో కౌంటీ జడ్జి అనే అధ్యక్షుడు కలిసిన పాలకమండలి. పన్ను రేటు, బడ్జెట్ ఖరారు చేసేది వాళ్లే. వాళ్లు జడ్జికి కొంత కలిపి, డీఏకి కలపకపోతే ఒప్పందంలోని సమానత్వం అక్కడే చెదురుతుంది. రెండో సగం వాక్యం చట్టంలో చేసే పని ఇదే.

అంకెల్లో చూద్దాం. 2013 నుంచి 2025 దాకా జిల్లా జడ్జికి రాష్ట్రం ఇచ్చిన మూల జీతం 1,40,000 డాలర్లు. 2019లో సర్వీసును బట్టి మెట్లు పెట్టారు: నాలుగేళ్లు నిండితే 1,54,000, ఎనిమిదేళ్లు నిండితే 1,68,000. అప్పట్లో కౌంటీలు పైన కలపగలిగినది గరిష్ఠంగా 18,000. ఒక కౌంటీ తన జడ్జికి ఆ 18,000 పూర్తిగా ఇస్తోందనుకోండి. చట్టంలోని మాటల్ని మాటలుగా చదివితే, డీఏకి కూడా కనీసం 18,000 ఇవ్వక తప్పదు. జడ్జికి పైసా ఇవ్వని కౌంటీకి డీఏ విషయంలో బలవంతం లేదు. అంటే కౌంటీకి స్వేచ్ఛ ఉంది, కానీ ఆ స్వేచ్ఛ జడ్జి జీతం నిర్ణయించేటప్పుడే ఖర్చయిపోతుంది. ‘ఇవ్వవచ్చు’ అన్న ఒక్క మాట పట్టుకుని డీఏ వరుస కొట్టేసే కమిషనర్లు వాక్యం సగంలో ఆగిపోతున్నారు. జడ్జి ఊసు లేకుండా ‘కౌంటీ ఇచ్చి తీరాలి’ అనే డీఏలూ అంతే, రెండో సగం మాత్రమే చదువుతున్నారు.

డీఏలు ఈ ఒక్క తలుపు దగ్గరే ఎందుకు నిలబడతారో తెలియాలంటే మూసిన తలుపులు చూడాలి. ఆఫీసు ఖర్చులకని 46వ అధ్యాయం కిందే రాష్ట్రం కొంత డబ్బు ఇస్తుంది. అందులోంచి ప్రాసిక్యూటర్ తన జీతానికి కలుపుకోకూడదని అక్కడే రాసుంది. చెల్లని చెక్కుల వసూళ్ల మీద ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ఫీజు వస్తుంది, ఆ నిధి ఖర్చు ఆయన లేదా ఆమె విచక్షణ. కానీ ఎట్టి పరిస్థితుల్లోనూ సొంత జీతానికి వాడరాదు. నేరస్తుల నుంచి జప్తు చేసిన ఆస్తుల డబ్బుతో జీతాలు పెంచాలన్నా ముందు కమిషనర్స్ కోర్టు ఒప్పుకోవాలి. 2023లో సెనేట్ బిల్ 22 కింద 3,00,000 లోపు జనాభా ఉన్న కౌంటీల ప్రాసిక్యూటర్ ఆఫీసులకు రాష్ట్రం లక్ష నుంచి 2,75,000 డాలర్ల దాకా గ్రాంట్లు ఇచ్చింది. అవి డీఏ కింద పనిచేసే అసిస్టెంట్ ప్రాసిక్యూటర్లకీ, ఇన్వెస్టిగేటర్లకీ, బాధితులకు తోడుండే సిబ్బందికీ. ఆ సాకుతో కౌంటీ తన వాటా తగ్గించుకోకూడదన్న షరతు కూడా పెట్టారు.

ఇన్ని తలుపులు మూయడం సరైన పనే. ఫీజుల కాలం తిరిగి రాకూడదంటే డీఏ చేసే వసూలుకీ డీఏ జేబుకీ మధ్య గోడ ఉండాల్సిందే. కానీ అన్నీ మూసి ఒక్కటి మాత్రం తెరిచారు, దాని తాళంచెవి కమిషనర్ల చేతికిచ్చారు. నన్ను నిజంగా కలవరపెట్టేది ఇది. కౌంటీ కాంట్రాక్టుల్లో అవినీతి జరిగితే కేసు పెట్టాల్సినది ఎవరు? డీఏ. ఆ డీఏకి వచ్చే ఏడాది ఎంత కలపాలో చేతులెత్తి తేల్చేది ఎవరు? ఆ కమిషనర్లే. రెండో సగం వాక్యం లేకపోతే ఆగస్టు బడ్జెట్ సమావేశంలో డీఏ అర్జీదారుడిలా నిలబడాలి. ఇప్పుడది కొంత కాపలా, అంతే. జడ్జి కంటే తక్కువ కాకుండా చూస్తుంది, జడ్జికీ ఇవ్వనప్పుడు ఏమీ చేయలేదు.

కమిషనర్ల వైపు బాధ కూడా ఉత్తది కాదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కౌంటీ బతికేది ఎక్కువగా ఆస్తి పన్ను మీదే. 2019లో సెనేట్ బిల్ 2 వచ్చి, ఓటర్లను అడగకుండా కౌంటీలు పెంచుకోగల ఆదాయాన్ని ఏడాదికి 8 శాతం నుంచి 3.5 శాతానికి దించింది. ఆదాయానికి మూత పెట్టి ఖర్చుకి తలుపు తీస్తున్నారని వాళ్ల గోడు.

కొన్ని కౌంటీలు కలిసి ఒకే కోర్టు జిల్లాగా (జ్యుడీషియల్ డిస్ట్రిక్టుగా) ఉన్నచోట ముడి ఇంకా బిగుస్తుంది. రాష్ట్రంలో 254 కౌంటీలు. పడమటి ఎడారి అంచున లవింగ్, రీవ్స్, వార్డ్ కౌంటీలు మూడింటికీ కలిపి 143వ జ్యుడీషియల్ డిస్ట్రిక్టుకి ఒకే జడ్జి, ఒకే డీఏ. లవింగ్ కౌంటీ జనాభా 2020 లెక్కల్లో 64 మంది. మన ఊళ్లో ఒక పెళ్లి భోజనం బంతికి కూడా చాలరు, అయినా దానికీ ఒక కమిషనర్స్ కోర్టు ఉంది. ఇలాంటి జిల్లాలో ఒక కౌంటీ జడ్జికి కలిపి, పక్క కౌంటీ కలపకపోతే? చట్టం ‘తాను ఇచ్చే జడ్జికి’ అంటుంది కాబట్టి ఏ కౌంటీ లెక్క ఆ కౌంటీదే అని చదవడం నాకు సబబనిపిస్తుంది. ఒకే డీఏ, ఒకే పని, మూడు చెక్కులు.

ఇదే చిక్కును వేరే రాష్ట్రాలు వేరేగా విప్పుకున్నాయి. ఫ్లోరిడా ఓటర్లు 1998లో రాజ్యాంగాన్ని సవరించి ప్రాసిక్యూటర్ల జీతాల భారం రాష్ట్రం మీద, ఆఫీసు భవనాలు, కమ్యూనికేషన్ల ఖర్చు కౌంటీల మీద పెట్టారు. 2004 జులై 1 నుంచి పూర్తిగా అమలైంది. న్యూయార్క్‌లో పూర్తికాలం డీఏలున్న కౌంటీల్లో జీతాన్ని జడ్జి జీతానికి ముడేశారు, కట్టేది మాత్రం కౌంటీ. 13 ఏళ్ల తర్వాత 2012లోనూ, మళ్లీ 2016లోనూ జడ్జీల జీతాలు పెరిగితే, తాము ఓటు వేయని ఖర్చు కౌంటీల నెత్తిన పడింది. లూసియానాలో తగవు జీతం మీద కాదు, ఆఫీసు ఖర్చు మీద. అక్కడ కౌంటీని పారిష్ అంటారు. వాషింగ్టన్ పారిష్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1988లో, డీఏ ఆఫీసుకి సహేతుకంగా అవసరమైన ఖర్చు పారిష్ భరించాల్సిందేనని తేల్చింది.

టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి జిల్లా జడ్జి మూల జీతం 1,75,000 డాలర్లయింది. దాన్ని పట్టుకుని డీఏ రాష్ట్ర జీతమూ పెరిగింది. ఇంత పెరిగాక మేము కలిపేది ఎందుకని కొన్ని కౌంటీలు అడగడం సహజం. అడగవచ్చు కూడా, జడ్జి వరుసని కూడా అదే పేజీలో పెట్టి అడిగితే. నా మటుకు నేను ఫ్లోరిడా దారే కోరుకుంటాను: డీఏ జీతం పూర్తిగా రాష్ట్రమే ఇవ్వాలి, కౌంటీ డబ్బు అసిస్టెంట్ల మీద పెట్టాలి. వాళ్ల జీతాలు డీఏ నిర్ణయించినా కమిషనర్లు ఆమోదించాలి, కేసుల బరువు మోసేదీ వాళ్లే. అది జరిగేదాకా ఆ వాక్యం రెండు సగాలూ కలిపే చదవాలి.