ఒళ్ళంతా అంటే ఎన్ని చోట్ల?

"ఎక్కడమ్మా నొప్పి?" అని డాక్టర్ అడిగిన ప్రతిసారీ మా పిన్ని జవాబు ఒకటే: "ఒళ్ళంతా బాబూ." దాన్ని చీటీలో ఏమని రాయాలి? ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, రక్తపరీక్షలన్నీ బాగానే వస్తాయి, చివరికి టెన్షన్ పడకండి అని చెప్పి ఓ విటమిన్ బిళ్ళ రాసి పంపేస్తారు. ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నెలల తరబడి నొప్పులు పెట్టే జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన కథే.

ఈ "ఒళ్ళంతా"ని లెక్కపెట్టడానికి మొదట వాడింది బొటనవేలు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (కీళ్ళ జబ్బుల డాక్టర్ల సంఘం) ఈ జబ్బుని గుర్తించడానికి ప్రమాణాలు తెచ్చింది. వాటి ప్రకారం మూడు నెలలుగా ఒంటికి రెండు పక్కలా, నడుముకి పైనా కిందా, వెన్ను పొడవునా ఎక్కడో ఒకచోటా నొప్పి ఉండాలి. ఆపైన మెడ వెనక, మోచేతి దగ్గర, మోకాలి లోపలి వైపు ఇలా గుర్తించిన 18 చోట్ల డాక్టర్ సుమారు 4 కిలోల బలంతో నొక్కితే, కనీసం 11 చోట్ల "అబ్బా" అనాలి. 4 కిలోలంటే నొక్కేవాళ్ళ గోరు తెల్లబడేంత. చిక్కల్లా ఏమిటంటే అందరి వేలూ ఒకేలా నొక్కదు, చాలామంది డాక్టర్లు అసలు నొక్కనే లేదు. పైగా ఒత్తిడికి ఆడవాళ్ళకి త్వరగా నొప్పి తెలుస్తుంది కాబట్టి 11 దాకా రాని మగవాళ్ళు లెక్కలోంచి జారిపోయారు.

2010లో నొక్కడం మానేసి, రోగినే అడగడం మొదలుపెట్టారు. ఒంటిని 19 భాగాలు చేసి, గత వారంలో ఏయే భాగం నొప్పెట్టిందో చెప్పమంటారు, చోటుకి ఒక మార్కు. అలసట, నిద్ర లేచినా తీరని బడలిక, మతిమరుపు లాంటివాటికి విడిగా 12 మార్కులు. మొదటిదాంట్లో కనీసం 7, రెండోదాంట్లో కనీసం 5 వస్తే ఆ జబ్బుగా అనుమానిస్తారు (ఇంకో దారీ ఉంది గానీ వదిలేద్దాం). 2016లో ఇంకో షరతు చేర్చారు, ఒంటిని అయిదు ప్రాంతాలుగా చూస్తే కనీసం నాలుగింట్లో నొప్పి ఉండాలి.

ఎంత నొప్పి అన్నది వేరు, ఎన్ని చోట్ల అన్నది వేరు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు మోకాలు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళని చూస్తే, ఈ మార్కులు ఎక్కువ ఉన్నవాళ్ళకి ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ తరహా మందులు ఎక్కువ అవసరపడ్డాయి. కీలు ఒకటే, కోత ఒకటే, కానీ నొప్పిని నరాల వ్యవస్థ పెంచి వినిపించే తీరు మనిషికో రకం.

మొన్న ఆ 19 భాగాల లెక్కకి వాడే మనిషి బొమ్మ ప్రింట్ తీసి పిన్నికి పెన్సిల్ ఇచ్చాను. ముందుగా మోకాళ్ళు నల్లగా రుద్దేసింది. తీరా చూస్తే ఆ 19లో మోకాళ్ళే లేవు, అరచేతులూ పాదాలూ కూడా లేవు! "ఇదేం లెక్కరా?" అంది. తర్వాత "చెయ్యి" అంది. మనకి భుజం కింది నుంచి వేళ్ళ కొస దాకా చెయ్యేగా, మోచేతికి పైనా, ముంజేయా అని అడిగితే రెండూ కాదు, మణికట్టట. కాళ్ళ దగ్గర పిక్కలు సలుపుతున్నాయంది. బొమ్మ మనకి ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి కుడి, ఎడమ తారుమారు చేసి మళ్ళీ చెరిపింది. మెడ, రెండు భుజాలు, వీపు, నడుము, రెండు తుంట్లు, రెండు పిక్కలు: తొమ్మిది.

దవడ సంగతి నేనే అడిగాను. "పొద్దున్నే పట్టేసినట్టుంటుంది, ఎడమ పక్క. పన్ను పుచ్చిందేమో అనుకున్నాలే, అది కూడా చెప్పాలా?"

పది.