అపోహలు - వాస్తవాలు: ఈ20 పెట్రోలు, పాత కారు, మధ్యలో నీళ్లు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఈ మధ్య ఏ కారు వచ్చినా యజమాని ముందే రోగ నిర్ధారణ చేసుకుని వస్తున్నారు: "ఇథనాల్ వల్లేనండీ." పికప్ తగ్గితే ఇథనాల్, బండి స్టార్ట్ కాకపోతే ఇథనాల్. మొన్న ఒకాయన ఏసీ చల్లగా రాకపోవడానికీ దాన్నే తిట్టారు. ఇంకోవైపు "అబ్బే, ఏమీ కాదు, అన్నీ పుకార్లే" అనేవాళ్లు తయారయ్యారు. ఈ రెండు వర్గాలతోనూ నాకు పేచీ ఉంది. 20 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిసిన ఈ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2025 నాటికి మామూలు పెట్రోలంటే అదే అయింది. ఇష్టమున్నా లేకపోయినా కొట్టించుకునేది దాన్నే.

అపోహ: ఈ20 వచ్చాక మైలేజి 18 నుంచి 12కి పడిపోయింది.

వాస్తవం: తగ్గుతుంది, కానీ అంత కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, ఈ10కి (10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు) సర్దిన కార్లలో 6-7 శాతం, ఈ10 కోసం తయారై ఈ20కి సర్దిన కార్లలో 1-2 శాతం మైలేజి తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. అంటే 18 ఇచ్చే పాత కారు 17 దగ్గరకు రావచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఆ 20 శాతం ఇథనాల్ అసలు ఏ శక్తీ ఇవ్వలేదనే అనుకోండి. అప్పుడు కూడా 18 కాస్తా 14.4 అవుతుంది తప్ప 12 కాదు. 12 అంటున్నారంటే నేను ముందు టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు, ఎయిర్ ఫిల్టర్, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చూస్తాను. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

అపోహ: ఇథనాల్ గాలిలోని తేమను పీల్చి ట్యాంకును నీళ్లమయం చేస్తుంది.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం నిజం ఉంది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రీతి. అయితే మూత బిగించిన ట్యాంకులోకి గాలి ద్వారా చేరే తేమ చాలా తక్కువ. ఆ కాస్త నీటిని ఇథనాల్ తనలో కలుపుకుని ఇంజిన్‌లోకి తీసుకుపోతుంది, ఆవిరై బయటకు పోతుంది. చిక్కు వచ్చేది నీళ్లు నీళ్లుగానే లోపలికి వచ్చినప్పుడు. వానాకాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకి దిగిన నీళ్లు, వరదలో మునిగిన కారు, ఇలాంటివి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచేసిన కార్లను బాగుచేసిన మెకానిక్‌లకు ఈ మాట విడమరచి చెప్పక్కరలేదు.

కిందటి వర్షాకాలం ఒక 2011 మోడల్ చిన్న కారును తాడు కట్టి లాక్కొచ్చారు. పెట్రోలు కొట్టించుకున్నాక రెండు కిలోమీటర్లు కూడా నడవలేదట. ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి బల్ల మీద పెట్టాం. పది నిమిషాలకు గీత గీసినట్టు రెండు పొరలు. పైన తేటగా పెట్రోలు, అడుగున నాలుగు వేళ్ల మందాన మసక పొర. ఆ పొర ఉట్టి నీళ్లు కాదు, నీళ్లూ ఇథనాలూ కలిసినది. పూర్వం ట్యాంకులో గ్లాసుడు నీళ్లు పడితే గ్లాసుడే అడుగున ఉండేవి. ఇప్పుడు ఆ నీళ్లు మోతాదు దాటగానే పెట్రోలులోని ఇథనాల్‌ను కూడా కిందికి దించేసుకుంటాయి, పొర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్యూయల్ పంపు లాగేది అడుగు నుంచే. బండి ఆగిపోక ఏం చేస్తుంది? పైన మిగిలిన పెట్రోలుకు ఇథనాల్ ఇచ్చిన ఆక్టేన్ బలం, అంటే వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, పోతుంది కాబట్టి దానితో నడిపినా ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది (నాకింగ్). అందుకే ఇలాంటి కారుకు పైన ఇంకాస్త పెట్రోలు పోయడం దండగ. ట్యాంకు మొత్తం దించాల్సిందే.

అపోహ: బంకులో ఫిల్టర్ పేపరు పరీక్ష (కాగితం మీద పెట్రోలు చుక్క వేసి, ఆరాక మరక మిగిలిందా అని చూడడం), సాంద్రత చూస్తే ఇథనాల్ ఎక్కువైందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఇథనాల్ కూడా మరక లేకుండానే ఆరిపోతుంది, దాని సాంద్రత పెట్రోలుకు మరీ దూరం కాదు. ఆ పరీక్షలు కిరోసిన్ లాంటి కల్తీని పట్టడానికి. ఇథనాల్‌కు మా షెడ్డు పద్ధతి వేరు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత పెట్టి బాగా కుదిపి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనిచ్చి, నిలబెట్టాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర సుమారు 28 దగ్గర ఆగితే పెరిగిన 18 ఇథనాల్. 90లో 18 అంటే 20 శాతం. అదే గీత 37కి చేరితే 30 శాతం, అప్పుడు అనుమానించాలి. ఇంట్లో చేసేవారు ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. ట్యాంకులో పైపు పెట్టి నోటితో పీల్చే పాత అలవాటు మాత్రం మానండి.

అపోహ: ఎక్కువ ధర పెట్రోలులో ఇథనాల్ ఉండదు.

వాస్తవం: ధర, ఆక్టేన్ అంకె చూసి ఆ మాట చెప్పలేం. 95 ఆక్టేన్ పెట్రోలులోనూ ఇథనాల్ ఉంటుంది. ఇక పెట్రోలులో కలపమని సీసాలో అమ్మే మందు (అడిటివ్) పోస్తే ఇథనాల్ మాయమవుతుందనేది మరీ విడ్డూరం. పెట్రోలులో కలిసిపోయిన దాన్ని ట్యాంకులోనే వేరు చేసే మందు ఏదీ లేదు.

అపోహ: పాత కారుకు కూడా ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది, నెమ్మదిగా. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఇంధనం తగిలే భాగాలు ఈ20ని తట్టుకునేలా ఉంటాయి. మాన్యువల్‌లోనో పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీదో చూసుకోవచ్చు. అంతకు ముందటి కార్లలో రబ్బరు పైపులు, ఓ-రింగులు, గాస్కెట్లు ఉబ్బడం, గట్టిపడి చిట్లడం నేను చూస్తున్నాను. 20,000 - 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. పైపులు, రింగులు మార్చడం పెద్ద ఖర్చు కాదు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే అయ్యేదే పెద్ద ఖర్చు, అందుకే పదేళ్లు దాటిన కారు వస్తే ముందు బానెట్ ఎత్తి వాసన చూస్తాను. ఇంకొకటి, ఇథనాల్ ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తోస్తుంది. పాత కారుకు ఫిల్టరు ఒకసారి ముందుగానే మార్చేయండి. కార్బొరేటర్ బళ్లకు ఎండాకాలం మరో తలనొప్పి: రెంటచింతల ఎండలో పైపులోనే పెట్రోలు ఆవిరి పట్టి బండి ఆగడం.

అపోహ: ఇథనాల్ ఎక్కువైతే వెంటనే ట్యాంకు ఖాళీ చేయాలి.

వాస్తవం: పొరలు విడిపోకపోతే అక్కరలేదు. కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఇంజిన్ ఆక్సిజన్ సెన్సర్‌ను చూసుకుంటూ పెట్రోలు కాస్త ఎక్కువ చిమ్మి సర్దుకుంటుంది. స్కానరులో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ అలా ఎంత శాతం సర్దుకుంటోందో చెప్పే అంకె) అయిదారు దగ్గర ఉంటే నేను బానెట్ మూసేస్తాను. 20 దాటి, పి0171 కోడ్ (గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని అర్థం) వచ్చిందంటే ఇథనాల్ కన్నా ముందు పంపు బలహీనతనో, గాలి లీకునో వెతుకుతాను. పరీక్షలో నిజంగానే 30 శాతం తేలితే, ట్యాంకులో 20 లీటర్లుంటే వేరే బంకులో ఇంకో 20 లీటర్ల ఈ20 కొట్టించండి, 25కి దిగుతుంది. ఆ ట్యాంకు అయ్యేదాకా యాక్సిలరేటర్ మీద దయ చూపండి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం పక్కకు ఆపి ఫోను చేయండి.

బంకు మీద అనుమానం ఉంటే బిల్లు పారేయకండి. ట్యాంకు దించేటప్పుడు ఒక లీటరు శుభ్రమైన గాజు సీసాలోకి పట్టించి, మీ ముందే మూత వేయించి, తేదీ రాసి ఉంచుకోండి. ఆయిల్ కంపెనీ అధికారి నంబరు బంకులోనే రాసి ఉంటుంది, ఫిర్యాదు పుస్తకమూ అక్కడే ఉంటుంది. ఆ 2011 కారాయన బిల్లు దాచలేదు, మేం ఎత్తి చూపించిన సీసాలో రెండు పొరలు ఎంత స్పష్టంగా కనిపించినా బంకువాళ్లు ఒప్పుకోలేదు.