వయసు ఖాతాలో పడ్డ జబ్బులు

2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన జబ్బుల కొత్త జాబితా ఐసీడీ-11లో ‘వృద్ధాప్యం’ ఒక కోడ్‌గా చేరింది. పాత జాబితాలో ఆర్54 కింద ఉన్న దాన్నే పేరు మార్చి ఎంజీ2ఏ కింద పెట్టారు. ఎనభై ఏళ్ల మనిషి నీరసమని వస్తే, కారణం వెతక్కుండా ‘వృద్ధాప్యం’ అని రాసి కాగితం మూసేయడానికి అధికారికంగా ఒక గడి దొరికినట్టయింది. వృద్ధుల వైద్యులు, హక్కుల సంఘాలు గట్టిగా అడ్డుచెప్పాయి. 2022 జనవరిలో జాబితా అమల్లోకి వచ్చేనాటికి ఆ పేరు తీసేసి, ‘వయసుతో పాటు శరీర సామర్థ్యం తగ్గడం’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. గడి మాత్రం అలాగే ఉంది.

ఈ తగువు కొత్తది కాదు. వియన్నాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన డాక్టర్ ఇగ్నాట్జ్ నాషర్ 1909లో ‘జెరియాట్రిక్స్’ (వృద్ధుల వైద్యం) అనే మాటను ప్రతిపాదించి, 1914లో దాని మీద పాఠ్యగ్రంథం రాశాడు. పసితనానికి వేరే వైద్యం ఉన్నట్టే ముసలితనానికీ ఉండాలని, వయసు తెచ్చే మార్పేదో, వయసులో వచ్చిన జబ్బేదో విడదీయాలని ఆయన వాదన. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రి పక్కనే ఉన్న బీదల వైద్యశాలను తనలో కలుపుకుంది. అక్కడి 714 మంది రోగుల బాధ్యత డాక్టర్ మార్జరీ వారెన్ చేతికొచ్చింది. ‘నయం కానివాళ్లు’ అని ముద్రవేసి ఏళ్ల తరబడి పడుకోబెట్టిన మనుషులు వాళ్లు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, జబ్బుల వారీగా వేరుచేసి, మంచం దింపి నడిపించింది. చాలామంది లేవలేకపోవడానికి కారణం వయసు కాదు, పడుకోబెట్టడమే. కీళ్లు బిగిసి, కండ కరిగి, పుండ్లు పడి ఆ స్థితికి వచ్చారు. వృద్ధుల పట్ల ఈ చులకనకు ‘ఏజిజం’ అని పేరుపెట్టినవాడు అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్. అది 1969 నాటి మాట.

పేరు పెడితే పద్ధతి మారదు. అంకెలు వచ్చాకే మారింది. దానికి బీపీ కథను మించిన ఉదాహరణ లేదు.

‘నూటికి వయసు కలుపు, వచ్చిందే నార్మల్ బీపీ’ అన్న లెక్క తరాల పాటు నడిచింది. డెబ్బై ఏళ్లకు 170 ఉంటే ఫర్వాలేదన్నమాట. ఇప్పటికీ మన ఊళ్లలో ఈ లెక్క చెప్పేవాళ్లున్నారు. దీని వెనక ఒక తర్కం ఉండేది: రక్తనాళాలు గట్టిపడ్డాక మెదడుకు రక్తం అందాలంటే గుండె ఆమాత్రం ఒత్తిడి పెట్టక తప్పదు, దాన్ని తగ్గిస్తే మెదడు ఎండిపోతుంది అని. వినడానికి బాగానే ఉంది, పెద్దఎత్తున పరీక్షించినవాళ్లే తక్కువ. 1991లో వచ్చిన షెప్ అధ్యయనంలో అరవై దాటిన 4,736 మందిని తీసుకున్నారు. పై అంకె 160కి తగ్గకుండా, కింది అంకె 90 లోపు ఉన్నవాళ్లు. క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి సుమారు అయిదేళ్లు చూస్తే పక్షవాతాలు 36 శాతం తగ్గాయి. చాలా చవకైన మాత్ర అది.

అయినా ఎనభై దాటినవాళ్ల మీద అనుమానం పోలేదు. అందుకు కారణం సులువే: మందుల అధ్యయనాల్లో ఆ వయసువాళ్లను చేర్చుకోవడం చాలా తక్కువ. చేర్చరు కాబట్టి ఆధారం ఉండదు, ఆధారం లేదు కాబట్టి మందివ్వరు. చివరికి హైవెట్ అధ్యయనం ఎనభై దాటిన 3,845 మందిని తీసుకుని ఇండపమైడ్ 1.5 మిల్లీగ్రాములు, చాలకపోతే పెరిండోప్రిల్ కలిపి ఇచ్చింది. లక్ష్యం 150/80. మందు తీసుకున్నవాళ్లలో మరణాలు 21 శాతం తక్కువ ఉండటంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. అందులో ఒక జాగ్రత్త ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు: నిలబడినప్పుడు పై అంకె 140 లోపు ఉన్నవాళ్లను తీసుకోలేదు. లేవగానే బీపీ పడిపోయే ముసలాయనకు ఈ ఫలితం చూపించి మాత్రలు పెంచితే బాత్‌రూమ్‌లో పడి తుంటి విరుగుతుంది.

మతిమరుపు దారీ ఇలాంటిదే. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ 1906లో వివరించిన రోగి ఆస్పత్రిలో చేరేనాటికి వయసు 51. జర్మన్ మానసిక వైద్యుడు క్రెపెలిన్ 1910లో దానికి ‘అల్జైమర్ జబ్బు’ అని పేరు పెట్టినప్పుడు అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే లెక్క. డెబ్బై అయిదేళ్లకు అదే జరిగితే చాదస్తం, వయసు. రెండు చోట్లా మెదడులో కనిపించేది ఒకటేనని ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు 1960ల చివర్లో చూపించారు. 1976లో అమెరికన్ నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ రాసిన సంపాదకీయం తర్వాతే అది వృద్ధుల పెద్ద జబ్బుగా లెక్కలోకి వచ్చింది.

ఇవాళ వయసు ఖాతాలో ఎక్కువగా పడుతున్నది నీరసం. రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హీమోగ్లోబిన్ హద్దు మగవాళ్లకు 13 గ్రాములు, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12. ముసలివాళ్లకని వేరే తగ్గింపు లేదు. అమెరికా జాతీయ సర్వే వివరాలతో 2004లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, వృద్ధుల రక్తహీనతలో మూడో వంతు పోషకాల లోపం, మూడో వంతు కిడ్నీ జబ్బు లేదా శరీరం లోపలి దీర్ఘకాలిక వాపు (ఇన్‌ఫ్లమేషన్), మిగతాది కారణం తేలనిది. అంటే ముగ్గురిలో ఇద్దరికి వెతికితే కారణం దొరుకుతుంది. అరవై దాటిన మనిషిలో ఐరన్ తగ్గిందంటే మాత్రలు రాసి పంపితే సరిపోదు, కడుపులోనో పేగులోనో రక్తం పోతోందేమో చూడాలి. మొలలు ఉన్నాయి కదా అని అక్కడితో ఆపేస్తే పెద్దపేగు క్యాన్సర్ తప్పించుకుంటుంది. ఏళ్ల తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, దానితో రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లలో బీ12 పడిపోతుంది. అరికాళ్ల తిమ్మిరి, తూలడం, మరుపు అందులోంచే రావచ్చు.

గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగానో, న్యుమోనియా జ్వరం లేకుండా ఉన్నట్టుండి అయోమయంగానో బయటపడటం ఈ వయసులో మామూలే. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే అది చాదస్తం కాదు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సంగతి.

ఇంకో రకం తప్పు మందులతో వస్తుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వేస్తే పాదాలు వాస్తాయి. వాపు వయసుదేనని వదిలేస్తారు, లేదా నీరు పోయే మాత్ర కలుపుతారు. రాత్రి నాలుగుసార్లు లేస్తూ చీకట్లో పడతారు. పడటమూ వయసు ఖాతాలోకే.

విచిత్రమేమిటంటే, వయసును నిజంగా లెక్కలోకి తీసుకోవలసిన చోట వదిలేస్తారు. ఎనభై ఏళ్లు, 45 కిలోలు ఉన్న ఆవిడకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0 వస్తే రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో చూడండి: 140 లోంచి 80 తీసేసి, 45తో హెచ్చించి, 72తో, క్రియాటినిన్ 1.0తో భాగించి, ఆడవాళ్లకు 0.85తో హెచ్చిస్తే కిడ్నీలు వడకట్టేది నిమిషానికి 32 మిల్లీలీటర్లే. కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువ కనిపించింది, అంతే. ఈవిడకు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ రాయకూడదు.

మన దేశంలో ఈ విద్యకు పునాది మద్రాసులో పడింది. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ అక్కడి ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో 1978లో వృద్ధుల ఓపీ మొదలుపెట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో 1996లో వృద్ధుల వైద్యంలో ఎండీ కోర్సు వచ్చింది. 2010-11లో కేంద్రం తెచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద మొదట ఎంపిక చేసిన 8 ప్రాంతీయ కేంద్రాల్లో తెలుగు నేలది ఒక్కటీ లేదు. కాగితం మీద పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆస్పత్రిలో 10 పడకల వార్డు ఉండాలి. మీ ఊరి పీహెచ్‌సీలో అది ఏ రోజో అడిగి చూడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ‘నీరసంగా ఉంది’ అనకుండా తేడా చెప్పాలి: ‘సంక్రాంతికి గుడిదాకా నడిచింది, ఇప్పుడు వాకిలి దాటలేకపోతోంది’ అని. మందుల అట్టలన్నీ, నొప్పి బిళ్లలూ ఆయుర్వేద పొడులతో సహా, సంచిలో వేసి తీసుకెళ్లాలి. బీపీ అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడమని అడగాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే లేవగానే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. హీమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, బీ12, సోడియం ఒక్క రక్తం తీతలో అయిపోతాయి. 2024 అక్టోబరులో 70 దాటిన అందరికీ ఇచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఈ ఓపీ పరీక్షలకు పనికిరాదు. తెలంగాణలో పీహెచ్‌సీ డాక్టరు రాసిస్తే వీటిలో చాలావరకు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబుల్లో ఉచితంగా చేస్తారు. అందుకే ప్రైవేటు ల్యాబుకు వెళ్లేముందు ఒకసారి అక్కడ అడగడం మంచిది.