ఎర్రగా ఉన్నంత మాత్రాన కారం కాదు

చిరంజీవులు చిన్నికి, నానికి,
అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవులకు మీరు హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వస్తున్నారని తెలిసినప్పటి నుంచి పిన్నికీ నాకూ ఒకటే చర్చ, మిమ్మల్ని ఏ పూట ఎక్కడికి తీసుకువెళ్లాలా అని. పిన్ని పంపిన హోటలు ఫోటోలు చూసి చిన్ని ఫోనులో అడిగింది కదా, "అన్నీ అంత ఎర్రగా ఉన్నాయి, మన గుంటూరు కూరల కంటే కారమా?" అని. కాదు. అయితే ఆ ఎరుపు వెనక ఉన్న సంగతి రెండు మాటల్లో తేలేది కాదు. ఈ ఉత్తరం చదువుకుని వస్తే ఇక్కడి బల్ల ముందు బిక్కమొహం వేసుకుని కూర్చోవలసిన అవసరం ఉండదు.

ఆ ఎర్రటి పొడి పేరు పాప్రిక. మిరపకాయల పొడే, ఆ కాయకూ ఇక్కడ అదే పేరు. మిరప మొక్క మనదీ కాదు, వీళ్లదీ కాదు. పుట్టింది అమెరికా ఖండంలో. కొలంబస్ ప్రయాణాల తర్వాత అది సముద్రం దాటింది. మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో ఘాటు కావాలంటే మిరియాలే దిక్కు. హంగేరీకి మాత్రం టర్కీ సుల్తానుల ఒట్టోమన్ సామ్రాజ్యం మీదుగా చేరింది. 1541 నుంచి 1686 వరకు బుడా కోట ఆ సుల్తానుల చేతిలోనే ఉండేది. అందుకే మొదట్లో ఇక్కడి జనం దాన్ని టర్కీ మిరియం అని పిలిచేవారు.

ఒకే మొక్క రెండు దారుల్లో రెండు చోట్లకు చేరింది. మనం దాని ఘాటును పట్టుకున్నాం. వీళ్లు రంగునూ వాసననూ పట్టుకున్నారు. మొదట్లో వీళ్ల మిరపకాయ కూడా మంట పుట్టించేదే. కాయలో ఆ మంట ఎక్కడ ఉంటుందో తెలుసా? గింజల్లో అని అందరూ అంటారు కానీ, అసలు ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెల్లో. 19వ శతాబ్దంలో సెగెద్ అనే ఊరివాళ్లు ఆ ఈనెలనూ గింజలనూ తీసేసి, ఎర్రటి కండను మాత్రమే పొడి చేయడం మొదలుపెట్టారు. తర్వాతి శతాబ్దంలో అసలు ఘాటే లేని రకాలను పెంచారు. ఇప్పుడు సెగెద్, కలొచ అనే రెండు ఊళ్లు ఈ పంటకు పెట్టింది పేరు. మీ తాతగారికి తెలిసిన మిర్చి వ్యాపారులను అడిగితే కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి రకం గురించి చెబుతారు, కారం తక్కువ, రంగు ఎక్కువ అని. పాప్రిక ఆ దారిలో ఇంకా చాలా దూరం వెళ్లింది.

సెగెద్ పేరు ఎత్తాక ఒక శాస్త్రవేత్త కథ చెప్పకుండా ఉండలేను. ఆయన పేరు సెంట్ జ్యోర్జి ఆల్బర్ట్. ఇందులో సెంట్ జ్యోర్జి ఇంటిపేరు. హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. మిగతా యూరప్ అంతా వెనక రాస్తుంటే వీళ్లు మాత్రం పట్టు వదలలేదు. ఆయన సెగెద్ విశ్వవిద్యాలయంలో విటమిన్ సి మీద పరిశోధన చేస్తున్నారు. చేతికి చాలినంత పదార్థం దొరకడం లేదు. ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పాప్రిక కాయలు పెట్టారట. తినబుద్ధి కాలేదు. తిననని చెప్పే ధైర్యమూ లేదు. ఈ ఒక్క కాయనూ ఇంకా పరీక్షించలేదు కదా అని గుర్తొచ్చి, దాన్ని పట్టుకుని ప్రయోగశాలకు వెళ్లిపోయారట. తీరా చూస్తే అందులో విటమిన్ సి పుష్కలంగా ఉంది. ఈ కథ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నానీ, కాకరకాయ తప్పించుకోవడానికి ఈ కథ నీకు పనికిరాదు, ముందే చెబుతున్నాను.

ఇక వంట. ఇక్కడి పేరున్న వంటలు చాలావరకు ఒకే పద్ధతిలో మొదలవుతాయి. ఉల్లిపాయలు సన్నగా తరిగి కొవ్వులో నెమ్మదిగా మగ్గనిస్తారు. తర్వాత గిన్నెను పొయ్యి మీద నుంచి దించుతారు. దించాకే పాప్రిక వేస్తారు. వెంటనే కాసిని నీళ్లు పోసి మళ్లీ పొయ్యి ఎక్కిస్తారు. ఎందుకంటే ఆ పొడిలో చక్కెర ఉంటుంది, వేడి కొవ్వులో క్షణంలో మాడి చేదెక్కుతుంది. మీ అమ్మ పోపులో కారం మాడితే కూరంతా పారబోయవలసిందే అంటుంది చూశారా, ఇక్కడి వంటగదిలో కూడా అదే భయం.

ఊళ్లో తినే చోట్లు రకరకాలు. నాకు నచ్చేవి వెందేగ్లో అనే చిన్న హోటళ్లు. ఎరుపు తెలుపు గళ్ల బల్లగుడ్డలు, చెక్క కుర్చీలు, కొన్నిచోట్ల గోడకు ఎండిన పాప్రిక దండలు. ఇంకా సాదావి ఏత్‌కెజ్దె అనేవి, ఆఫీసులవాళ్లు మధ్యాహ్నం గబగబా తిని వెళ్లే భోజనశాలలు. పెద్ద పేరున్న గుందెల్ హోటలు కథ వేరు. 1910లో కారొయ్ గుందెల్ అనే ఆయన జంతుప్రదర్శనశాల పక్కనున్న భోజనశాలను తీసుకుని, హంగేరీ వంటను ప్రపంచమంతా చెప్పుకునేలా చేశారు. జంతువులను చూడటానికి 1896 నాటి పసుపు రంగు చిన్న మెట్రో రైల్లో వెళ్దాం, ఆ భవనం బయటి నుంచి చూపిస్తాను. భోజనం మాత్రం మన వీధి చివరి వెందేగ్లోలోనే.

ఇక్కడ మధ్యాహ్న భోజనమే ప్రధానం. భోజనం సూపుతోనే మొదలవుతుంది. సూపును లెవెష్ అంటారు. మెనూ కార్డు తెరవగానే మొదటి పేజీల్లో ఉండేవి అవే. వాటిని చిరుతిండి అనుకోకండి. ఒక్కో గిన్నె ఒక పూటకు సరిపోతుంది.

ప్రపంచంలో హంగేరీ పేరు చెప్పగానే అందరూ తలచుకునే గుయాష్ కూడా సూపే. వేరే దేశాల్లో గౌలాష్ అని చిక్కటి కూర పెడతారు. ఆ చిక్కటి కూరను ఇక్కడ పొర్కొల్ట్ అంటారు, అది వేరే వంటకం. తూర్పున ఉన్న పెద్ద మైదానంలో పశువుల మందలను కాసేవాళ్లు ఆరుబయట నిప్పు రాజేసి, బొగ్రాచ్ అనే ఇనుప కడవ వేలాడదీసి వండుకున్నదే గుయాష్. మాంసం, ఉల్లిపాయ, పాప్రిక, బంగాళదుంప, కారెట్, చేత్తో గిల్లి వేసిన పిండి ముక్కలు ఉంటాయి. చూడటానికి జీలకర్రలా ఉండి రుచి వేరైన ఒక గింజ కూడా వేస్తారు. అందులో వేసేది మామూలుగా గొడ్డు మాంసం. తినడం మానడం మీ అమ్మానాన్నలు తేల్చుకోవలసిన విషయం. కానీ తెలియక తినడం నాకు ఇష్టం లేదు, అందుకే రాస్తున్నాను.

హలాస్‌లే అనే చేపల సూపు ఇంకా ఎర్రగా ఉంటుంది. దన్యూబ్, తీసా నదుల ఒడ్డున జాలరులు వండుకునేది. క్రిస్మస్ ముందురోజు రాత్రి చాలా ఇళ్లలో ఇదే భోజనం. పాప్రిక వంటల్లో కాస్త నోరు చురుక్కుమనేది సాధారణంగా ఇదొక్కటే. ముళ్లుంటాయి, మాట్లాడుతూ తినవద్దు.

మిమ్మల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సూపు మరొకటి ఉంది. పుల్లటి చెర్రీ పళ్లను చక్కెరతో ఉడికించి, మీగడ కలిపి, చల్లార్చి ఇస్తారు. గులాబీ రంగులో తియ్యగా, పుల్లగా ఉంటుంది. భోజనం చివర కాదు, మొదట్లోనే తింటారు. మీ నాన్న ముక్కు చిట్లిస్తాడని నాకు తెలుసు. మన పెళ్లి విస్తరిలో తీపి ముందు వడ్డించినప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు కదా! నేను మాత్రం ఎండాకాలం అది లేకుండా భోజనానికి లేవను.

నానికి కోడి కావాలి కాబట్టి పాప్రికాష్ చిర్కె చెప్పిస్తాను. పాప్రికలో ఉడికిన కోడిముక్కల మీద తెయ్‌ఫొల్ అనే పుల్లటి మీగడ కలుపుతారు. ఎరుపు కాస్తా నారింజ రంగుకు తిరుగుతుంది. దానితో పాటు నొకెడ్లి వస్తుంది. గోధుమపిండి, గుడ్డు కలిపిన జారుడు పిండిని చిల్లుల పలక మీద రుద్దితే, మన బూందీ గరిటె నుంచి రాలినట్టే చుక్కలు చుక్కలుగా మరిగే నీళ్లలో పడి ఉడుకుతాయి. అన్నం బదులు అదే. ఒక మాట, చాలా చోట్ల అన్నం, బంగాళదుంప, నొకెడ్లి లాంటివి కార్డులో విడిగా ఉంటాయి. విడిగా చెప్పాలి, విడిగా డబ్బు కట్టాలి. కూర ఒక్కటే చెప్పి, అన్నం ఏదని ఎదురు చూస్తూ కూర్చుంటే ఎవరూ తెచ్చిపెట్టరు.

నాలాంటి శాకాహారుల సంగతి కష్టమే. పంది కొవ్వు ఇక్కడ వంటకు పాతకాలపు నూనె. పైకి కూరగాయల వంటకంలా కనిపించినా అడుగున అదే ఉండవచ్చు. ముందే అడగాలి, సిగ్గుపడకూడదు. నూనెలో వండిన పుట్టగొడుగుల పాప్రికాష్ దొరుకుతుంది. పాప్రిక కాయలు, టమాటా, ఉల్లిపాయ కలిపి మగ్గించిన లెచో దొరుకుతుంది, దాంట్లో సాసేజి ముక్కలు వేయవద్దని చెప్పాలి. ఫోజెలేక్ అని సొరకాయ, బఠాణీ, పాలకూర లాంటివాటిని విడివిడిగా చిక్కగా వండుతారు. పెద్ద హోటళ్లవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు కానీ, పప్పు తిని పెరిగిన కడుపుకు అంత హాయి మరొకటి లేదు. ఇంకొకటి, ఉడికిన సేమియా లాంటి పిండి మీద నూరిన గసగసాలు, చక్కెర చల్లి తింటారు. మనం గసగసాలు ఇంత ధారాళంగా వాడటం నేనెప్పుడూ చూడలేదు. చిన్నికి అది నచ్చుతుందని నా పందెం.

పచ్చళ్లు లేవని దిగులు పడకండి. వేసవిలో దోసకాయలను పెద్ద గాజు జాడీలో ఉప్పునీళ్లు, సోయికూర (డిల్), వెల్లుల్లి, పైన ఒక రొట్టెముక్క పెట్టి ఎండలో ఉంచుతారు. కొన్నాళ్లకే పులుస్తాయి. నూనె లేదు, ఆవపిండి లేదు, అయినా బరువైన కూర పక్కన అది లేకపోతే ముద్ద దిగదు. కారం కావాలనుకుంటే బల్ల మీద ఎరోష్ పిష్త అనే ఎర్రటి ముద్ద సీసా ఉంటుంది. ఇక్కడివాళ్లు సూపులో దాన్ని చెంచా కొనకు తగిలించి వేసుకుంటారు. మీ నాన్న ఎంత వేసుకుంటాడో చూడాలి.

సాయంత్రాలు కొన్ని హోటళ్లలో సంగీతం ఉంటుంది. వయొలిన్ పట్టుకున్న నాయకుడు బల్లల మధ్య తిరుగుతూ వాయిస్తాడు. వెనక ఒకరు సింబలోమ్ అనే తీగల పెట్టెను చిన్న కర్రలతో కొట్టి వాయిస్తుంటారు. కాశ్మీరు సంతూర్ దానికి దగ్గరి చుట్టం. ఈ వాద్యకారులు చాలామంది రోమా జాతివాళ్లు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల క్రితం ఉత్తర భారతదేశం నుంచి బయలుదేరి పడమరకు నడిచినవాళ్లు. వాళ్ల భాషకు మూలాలు అక్కడే. ఈ దేశంలో వాళ్లను చాలాకాలం చిన్నచూపు చూశారు, ఇప్పటికీ చూసేవాళ్లున్నారు. మన బల్ల దగ్గరికి వచ్చి వాయిస్తే తింటూ ఉండిపోకండి, చెంచా కింద పెట్టి వినండి. నాన్న తగినంత డబ్బు ఇస్తాడు.

నాన్నకు మరో మాట చెప్పండి. బీరు తాగితే గ్లాసు బాబాయి గ్లాసుకు తగిలించకూడదు. 1849లో హంగేరీ స్వాతంత్ర్య పోరాటం ఓడిపోయాక ఆస్ట్రియా ప్రభుత్వం అరాద్ అనే చోట 13 మంది సేనానులను, కొందరిని ఉరితీసి, కొందరిని కాల్చి చంపింది. అప్పుడు ఆస్ట్రియా అధికారులు బీరు గ్లాసులు తగిలించుకుని సంబరపడ్డారని ఇక్కడ చెప్పుకుంటారు. 150 ఏళ్లు ఆ పని చేయమని జనం ఒట్టు పెట్టుకున్నారట. గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా పెద్దవాళ్లు కొందరు ఇంకా తగిలించరు.

తీపి దగ్గర తొందరపడకండి. పలచింత అంటే పల్చటి గోధుమపిండి అట్టు, లోపల నేరేడు రంగు జామో, ఆప్రికాట్ జామో, తియ్యటి జున్నులాంటి తూరో పెట్టి చుడతారు. గుందెల్ పేరు మీద ఒక రకం ఉంది. లోపల అక్రోటు ముద్ద, పైన చాక్లెట్. కానీ దాంట్లో రమ్ము పోస్తారు. షొమ్లోయి అనే మరో తీపిలో కూడా అంతే. ఆ రెండూ మీకు లేవు. మీకు దొబొష్ తోర్త ఇప్పిస్తాను. దొబొష్ యోజెఫ్ అనే ఆయన 1885లో బుడాపెస్ట్ ప్రదర్శనలో మొదట చూపించిన కేకు. అప్పట్లో ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు, కేకులు తొందరగా పాడయ్యేవి. ఆయన పల్చటి పొరల మధ్య వెన్నతో చేసిన చాక్లెట్ క్రీము రాసి, ఆరిపోకుండా పైన చక్కెర పాకం గట్టిపరిచి మూత వేశారు. ఎన్నాళ్లకో, 1906లో, ఆ రహస్యాన్ని మిఠాయి తయారీదారుల సంఘానికి అప్పగించారు. పైనున్న పాకం గాజులా ఉంటుంది. నాని పళ్లు ఊడే వయసు కాబట్టి వాడి ముక్క మీది పాకం నాకు.

బిల్లు పెద్దవాళ్ల పనే అయినా తెలుసుకోండి. ఇక్కడ యూరోలు కాదు, ఫోరింట్లు. సేవ కోసమని కొంత శాతం బిల్లులోనే కలిపి ఉందేమో ముందు చూడాలి. ఉంటే మళ్లీ టిప్పు అక్కర్లేదు. లేకపోతే పదో వంతు ఇస్తారు. నోటు చేతికిస్తూ "కొసొనొమ్" అన్నామంటే, అంటే ధన్యవాదాలు అన్నామంటే, మిగిలిన చిల్లర ఉంచుకోమన్నట్టే వాళ్లు అనుకుంటారు. చిల్లర చేతికి వచ్చాకే ఆ మాట అనాలి. తినే ముందు పక్కవాళ్లతో "యో ఏత్వాద్యత్" అనాలి. అది రెండుసార్లు పలికి చూసుకోండి, నోరు తిరుగుతుంది.

ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలన్నీ వస్తాయి, ముందే బల్ల చెప్పి ఉంచకపోతే దొరకదు. మీ టికెట్లు ఏ తారీఖుకో అమ్మను అడిగి వెంటనే రాయండి. ఆవకాయ సీసా తెస్తే తెండి. ఇంట్లోకే, హోటలుకు కాదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ