ముందు టీచర్లు కలిశారు, పరీక్ష తర్వాత వచ్చింది

హైదరాబాద్ చుట్టుపక్కల స్కూళ్ల బోర్డుల మీద ‘ఐబీ’ అన్న రెండక్షరాలు ఇప్పుడు మామూలైపోయాయి. ఫీజు ఎంత, సిలబస్ పిల్లలు తట్టుకోగలరా, రేపు ఇంజినీరింగ్ సీటుకు పనికొస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఈ ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియెట్ అనే, వేర్వేరు దేశాల పిల్లలు ఒకే సిలబస్‌తో చదివే చదువు ఎలా పుట్టిందో తెలుసుకుంటే వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి కనిపిస్తుంది. ఆ బడి టీచర్లకు వేరే బడి టీచర్లతో కూర్చుని మాట్లాడుకునే వీలుందా? ఎందుకంటే ఈ చదువును ఏ ప్రభుత్వమూ తయారు చేయలేదు. వేర్వేరు దేశాల్లో పాఠాలు చెప్పే మామూలు టీచర్లు కలుసుకోవడం వల్లే ఇది మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, మళ్లీ యుద్ధాలు రాకుండా చూసేందుకు దేశాలు పెట్టుకున్న నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో వెలిసింది. అక్కడికి ఉద్యోగాలకు వచ్చిన వాళ్ల పిల్లల కోసం 1924లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్ తెరిచారు. మొదట చేరింది ఎనిమిది మంది. 1929 నుంచి ఇరవై ఏళ్లు ఆ బడిని నడిపిన మారీ తెరేస్ మోరెట్, భూగోళ పాఠాన్ని ఎవరి దేశం పటంతో వాళ్లు మొదలుపెట్టే పద్ధతిని మార్చారు. పిల్లలు మొదట చూడాల్సింది గ్లోబు, తమ దేశం ఆ తర్వాత. ఆ అనుభవాలన్నీ 1948లో యునెస్కో కోసం ఒక చిన్న పుస్తకంగా రాశారు.

చిక్కంతా పై తరగతుల్లో వచ్చింది. పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు చివరి రెండేళ్లలో విడిపోవాల్సి వచ్చేది. ఒకరు స్విస్ పరీక్షకు, ఇంకొకరు ఫ్రెంచి బాకలారియాకు, మరొకరు ఇంగ్లండు ఏ లెవెల్‌కు, మిగతా వాళ్లు అమెరికా కాలేజీ ప్రవేశాలకు. ఉన్న కొద్దిమంది పిల్లల్నే నాలుగు గుంపులుగా చీల్చి చెప్పాలి. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది చరిత్ర టీచర్లు. ఫ్రాన్స్ పరీక్ష అడిగే చరిత్ర వేరు, ఇంగ్లండు పరీక్ష అడిగే చరిత్ర వేరు. యుద్ధాలు లేని లోకం కోసం పెట్టిన బడిలోనే, ఎవరి దేశం కథ వాళ్లకు విడివిడిగా చెప్పాల్సి రావడం వాళ్లకు మింగుడుపడలేదు.

ఇలాంటి బడులన్నీ కలిసి 1951లో ఇంటర్నేషనల్ స్కూల్స్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. దాని ఆధ్వర్యంలో 1962లో సోషల్ స్టడీస్ టీచర్లు జెనీవాలో సమావేశమయ్యారు. వెనక నిలబడి నడిపించిన వాళ్లలో ముఖ్యుడు బాబ్ లీచ్, జెనీవా స్కూల్లో చరిత్ర చెప్పే అమెరికన్. అన్ని దేశాల పిల్లలూ రాయగలిగే ఒకే పరీక్ష ఉండాలన్న మాట అక్కడ గట్టిగా వినిపించింది. వాళ్లు అన్ని సబ్జెక్టులనూ ఒకేసారి నెత్తికెత్తుకోలేదు. ముందు సమకాలీన చరిత్ర ఒక్కటి తీసుకుని సిలబస్ రాసి, పేపరు తయారుచేసి చూశారు. అది కుదిరాక మిగతా సబ్జెక్టుల వాళ్లు కదిలారు. తర్వాతే అమెరికా దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యా విభాగం నుంచి అలెక్ పీటర్సన్ వచ్చారు. 1968లో ఐబీ సంస్థ జెనీవాలో రిజిస్టరైంది, పీటర్సన్ దాని మొదటి డైరెక్టర్ జనరల్.

ఆ పుట్టుక గుర్తు ఐబీ పని తీరులో ఇప్పటికీ ఉంది. టీచరు తన పిల్లల ప్రాజెక్టులకు తానే మార్కులు వేస్తారు. వాటిలో కొన్నిటిని నమూనాగా బయటికి పంపుతారు. ఎక్కడో వేరే దేశంలో అదే సబ్జెక్టు తెలిసిన ఇంకొకరు వాటిని మళ్లీ దిద్దుతారు. ఇక్కడి టీచరు చెయ్యి ధారాళమని తేలితే ఆ ఒకటి రెండు పేపర్లకే కాదు, ఆ బడిలో ఆ సబ్జెక్టు పిల్లలందరి మార్కులూ సర్దుతారు. మొదటిసారి అలా జరిగినప్పుడు ఏ టీచరుకైనా టెన్షనే. కానీ మన సబ్జెక్టులో ‘బాగుంది’ అంటే ఎంత బాగుండాలో ఇంతకంటే నేరుగా చెప్పే శిక్షణ నాకు తెలిసి మరొకటి లేదు. వర్క్‌షాపులు నడిపేదీ ఎక్కువగా పాఠాలు చెప్పే టీచర్లే.

చిన్న తరగతుల కథా అంతే. 1980లో టాంజానియాలోని మోషిలో, కిలిమంజారో కొండ కింద జరిగిన టీచర్ల సమావేశంలో పడిన విత్తనమే 1994లో మిడిల్ ఇయర్స్ ప్రోగ్రాంగా తేలింది. 1990లో కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్ల టీచర్లు సొంతంగా మొదలుపెట్టిన పాఠ్యప్రణాళికను 1997లో ఐబీ ప్రైమరీ ప్రోగ్రాంగా స్వీకరించింది.

మన దేశంలో ఐబీని మొదట తెచ్చింది కొడైకెనాల్ స్కూల్, 1976లో. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన బడి అది.

మన దగ్గరా టీచర్లను కలిపే ఆలోచన కొత్తదేం కాదు. జెనీవాలో ఐబీ రూపు దిద్దుకుంటున్న రోజుల్లోనే, 1966లో, దేశంలో చదువుల తీరు చూడమని కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్స్ పద్ధతిని సిఫార్సు చేసింది. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఉన్న చిన్న బడులు ఒక జట్టుగా పనిచేయాలని. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం టీచర్ల కేంద్రాలు పెట్టింది. అక్కడ టీచర్లే పాఠాలు చెప్పి చూపించేవాళ్లు, చార్టులు చేసుకునేవాళ్లు. పథకం అయిపోయింది. కాంప్లెక్స్ మీటింగులు మాత్రం మిగిలాయి. చాలాచోట్ల సర్క్యులర్లు చదవడం, లెక్కలు ఇవ్వడం, సంతకం పెట్టి బస్సెక్కడంతోనే అవి ముగుస్తున్నాయి. ఇది టీచర్ల తప్పు కాదు. మీటింగులో ఏం మాట్లాడాలో పైనుంచి రాసి పంపితే వాళ్ల మాటకు చోటెక్కడ?

2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల కోసం ఐబీతో ఒప్పందం కుదుర్చుకుంది. ముందు టీచర్లకు శిక్షణ, తర్వాత ఒకటో తరగతితో మొదలు అన్నారు. అదే ఏడాది ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. అప్పుడు జరిగిన చర్చంతా ఖర్చు గురించి, రాజకీయం గురించి. పిల్లలకు కొత్త సిలబస్ దక్కుతుందా లేదా అన్నదే అందరూ చూశారు. టీచర్లు ఒకరి పని ఒకరు చూసుకునే ఏర్పాటు ఆగిపోయిందని బాధపడిన వాళ్లు నాకు కనిపించలేదు.

ఆ ఏర్పాటుకు మాత్రం జెనీవాతో ఒప్పందం అక్కర్లేదు. ఒకే మండలంలోని రెండు హైస్కూళ్లు పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లలో పదేసి మార్చుకుని, సబ్జెక్టు టీచర్లు మళ్లీ దిద్ది, తేడా వచ్చినచోట కాంప్లెక్స్ మీటింగులో ఒక పూట కూర్చుని మాట్లాడుకోవచ్చు. దానికి విద్యాశాఖ చేయాల్సిందల్లా, ఆ పూటకు అజెండా పంపకుండా ఉండటం.