స్టార్లు తెచ్చిన కోచ్ ఎందుకు ఓడాడు? కాలేజ్ ఫుట్‌బాల్ రిక్రూటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

హైస్కూల్ కుర్రాళ్ళ ఆట వీడియోలు చూసి, ఎవరు కాలేజీ స్థాయికి పనికొస్తారో అంచనా వేయడం నా పని. నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. ఇలా కుర్రాళ్ళను ఎంచి కాలేజీ జట్టులోకి తెచ్చుకోవడమే రిక్రూటింగ్. ఒక ఏడాది తెచ్చుకున్నవాళ్ళందరినీ కలిపి క్లాస్ అంటారు. రిక్రూటింగ్ సైట్లు ఒక్కో కుర్రాడికి ఐదు దాకా స్టార్లు ఇస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఉంటూ, పిల్లల వల్ల ఈ ఆటకు అలవాటు పడిన మనవాళ్ళ నోట నేను తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: నంబర్ వన్ క్లాస్ తెచ్చిన కోచ్ ఆ ఏడాదే గెలిచి చూపించాలి.

వాస్తవం: దీనికి అందరూ ఎత్తే పేరు టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ. 2022లో కోచ్ జింబో ఫిషర్ తెచ్చిన క్లాస్‌కి 247స్పోర్ట్స్ అనే సైట్ వేర్వేరు రేటింగులు కలిపి వేసే కాంపోజిట్ ర్యాంకింగ్‌లో అప్పటిదాకా ఎవరికీ రానన్ని పాయింట్లు వచ్చాయి. ఆ సీజన్‌లో జట్టు 12 మ్యాచ్‌లకు 5 గెలిచింది. సొంత మైదానంలో అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో 17-14తో ఓడింది. ఇంతమంది స్టార్లు ఉండి ఇదేం ఆట అన్నారు జనం. ఆ స్టార్లకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ముఖ్యంగా లైన్‌లో, అంటే ఎదుటివాళ్ళతో ఢీకొనే ముందు వరుసలో, ఆడేవాడు హైస్కూల్ నుంచి వస్తూనే ఇరవై రెండేళ్ళవాడిని ఆపలేడు. ఒంటికి ఆ బలం పట్టడానికే రెండేళ్ళు కావాలి.

2022 ఓటములకు జవాబు చెప్పాల్సింది 2019, 2020, 2021 క్లాసులు. అవీ టాప్ 10లో ఉన్నవే. ఫిషర్‌ను నిలదీయాల్సింది అక్కడ: రెండు మూడేళ్ళు చేతిలో ఉన్న కుర్రాళ్ళు ఎందుకు ఎదగలేదు? 2023 నవంబర్‌లో ఆయన్ని తీసేశారు. అందుకు ఒప్పందం ప్రకారం చెల్లించాల్సిన సొమ్ము 7.5 కోట్ల డాలర్ల పైమాటే. 2022 క్లాస్‌లో పేరున్నవాళ్ళు చాలామంది మూడో సీజన్ రాకముందే వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు. సైట్లో ర్యాంకు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే ఏ క్లాస్‌నైనా నేను మూడో సీజన్ అయ్యాకే మళ్ళీ బయటికి తీస్తాను. ఎంతమంది మిగిలారు, ఎంతమంది మొదటి పదకొండులో ఆడుతున్నారు, ఏ పొజిషన్ ఖాళీగా ఉండిపోయింది అని చూస్తాను.

అపోహ: స్టార్లన్నీ వట్టి ప్రచారం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్‌ని హైస్కూల్లో పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు, నిజమే. రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో (అక్కడ హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ళ కాలేజీ) ఆడి, అక్కణ్ణుంచి వయోమింగ్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఒక కుర్రాడి విషయంలో అంచనా తప్పుతుంది. ఎనభై మందిని కలిపి చూస్తే అంతగా తప్పదు. రిక్రూటింగ్ విశ్లేషకుడు బడ్ ఇలియట్ లెక్కగట్టిన బ్లూ చిప్ రేషియో చూడండి. నాలుగు, ఐదు స్టార్లవాళ్ళనే బ్లూ చిప్ అంటారు. నాలుగేళ్ళ రిక్రూట్లలో సగానికి పైగా నాలుగు, ఐదు స్టార్లవాళ్ళు ఉన్న జట్లే ఏళ్ళ తరబడి ఛాంపియన్లు అయ్యాయి. 2022 సీజన్ ఫైనల్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద, అలాంటి స్టార్లు నిండిన జార్జియా 65-7తో గెలిచింది. ఆ రాత్రి ఆట చూసినవాళ్ళకు ఈ లెక్క విడిగా చెప్పక్కర్లేదు.

అపోహ: గెలిచాడంటే మంచి రిక్రూటరే.

వాస్తవం: ఫైనల్ దాకా వెళ్ళిన అదే టీసీయూకి సానీ డైక్స్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది అది. ఆడినవాళ్ళలో చాలామందిని తెచ్చింది అంతకు ముందున్న కోచ్ గ్యారీ ప్యాటర్సన్.

అపోహ: హైస్కూల్ ర్యాంకింగ్ చూస్తే చాలు.

వాస్తవం: 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక ఈ లెక్క మెల్లగా మారిపోయింది. ఇండియానా యూనివర్సిటీ 2023లో 12 మ్యాచ్‌లకు 3 గెలిచింది. కోచ్‌గా కర్ట్ సిగ్నెటి వచ్చి, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గర ఆడిన కుర్రాళ్ళను వెంట తెచ్చుకున్నాడు. 2024లో 13కి 11 గెలిచారు. పోర్టల్‌లో వచ్చేవాడు బలం పట్టి, ఆట తెలిసి వస్తాడు కాబట్టి అతన్ని ఆ సీజన్‌లోనే తూచవచ్చు. హైస్కూల్ కుర్రాడికి మాత్రం మూడేళ్ళు ఇవ్వాలి. కోచ్‌ని అంచనా వేసేటప్పుడు ఈ రెండూ నేను వేరువేరు పేజీల్లో రాసుకుంటాను.